కార్ఖానాలో పడ్డ చుక్క

మా మేనమామ అబద్ధాల మనిషి. ఈ మాట ఆయన ముందే అంటాను, ఆయనా కాదనడు. ముంబై పక్కన మా పద్మనగర్‌లో సాంచాలు నడిపేవాళ్ళు వీధికి వందమంది ఉంటారు, గప్పాలు కొట్టేవాళ్ళకూ కొదవ లేదు. రెండు పనులూ ఒకే శ్రద్ధతో చేసేది మాత్రం మా మామ ఒక్కడే. సాంచ అంటే మా వైపు పవర్‌లూమ్ మగ్గం. అది ఆడుతుంటే పక్క మనిషి అరిచినా వినబడదు. రోజంతా కడుపులో దాచుకున్న మాటలన్నీ పాళీ, అంటే షిఫ్టు, దిగాక ఒక్కసారిగా బయటపడతాయని, ఆ తోపులాటలో నిజం కొంచెం నలిగిపోతుందని నా అభిప్రాయం.

కామ్వారి నదిలో మొసలిని చూశానన్నాడు ఒకసారి. కళ్యాణ్ స్టేషన్‌లో ఎవరో మంత్రి తన దగ్గర బీడీ అడిగి ముట్టించుకున్నాడన్నాడు. ఇలాంటివి వింటే ఎవరికీ నష్టం లేదు. కానీ సిరిసిల్ల పక్క ఊళ్ళో ఒక పెళ్ళికి ఆలస్యంగా పోయి, ఎందుకు లేటయిందంటే, సిరిసిల్లలో ఉన్న తన బావమరిదికి గుండె ఆపరేషన్ అయిందని చెప్పాడు. మరుసటి రోజు చుట్టాలంతా పండ్లు, బ్రెడ్డు పట్టుకుని సిరిసిల్లలో ఆ బావమరిది ఇంటికి పోయారు. ఆయన అరుగు మీద కూర్చుని మటన్ బొక్క చీకుతున్నాడట. పండ్లు వాపసు తీసుకోవడం బాగుండదని అక్కడే పెట్టి వచ్చారు.

ఆ బావమరిది మా అత్త తోడబుట్టిన తమ్ముడు. అత్త అబద్ధం ఆడదు. మా చెల్లెలి పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళతో, "పిల్ల మంచిదే గని కోపం జర ఎక్కువ" అని ఎవరూ అడగకుండానే చెప్పిన మనిషి. ఆ సంబంధం కుదిరింది, అది వేరే సంగతి. ఆపరేషన్ వార్త చెవిన పడ్డాక అత్త అరవలేదు, ఏడవలేదు. మామ అన్నం తింటుండగా ఎదురుగా కూర్చుని చెప్పింది.

"ఇంకొక్క అబద్ధం నీ నోట్ల నుంచి వస్తే నేను సిరిసిల్లకు పోత. మల్ల రాను."

అత్త ఒక మాట అంటే దానికి సవరణలుండవు. మామకు ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు. కంచం ముందు ఒట్టు పెట్టాడు. ఆయన ముఖంలో అంత భయం నేను ఎన్నడూ చూడలేదు. అత్త లేకుండా ఆయన ఒక్కపూట బతకలేడు, స్టవ్ ఎటువైపు తిప్పితే వెలుగుతుందో కూడా తెలియదు. ఆయన ఒట్టు పెట్టిన మర్నాడే ఆకాశం నుంచి రాయి పడింది.

నాకు ధామన్‌కర్ నాకా కూడలిలో చిన్న దుకాణం ఉంది. సీసీటీవీ కెమెరాలు బిగిస్తాను, ఖాళీగా ఉన్నప్పుడు ఫోన్లు బాగుచేస్తాను. ఆ రోజు పొద్దుటి నుంచీ అందరి ఫోన్లలో ఒకటే వార్త. ఎక్కడో విదేశంలో టెలిస్కోపుకు ఒక చిన్న గ్రహశకలం కనబడిందట, మంచమంత ఉంటుందట, సాయంత్రానికి మా జిల్లా మీదే మండిపోతుందట, ప్రమాదమేమీ లేదట. ప్రమాదం లేదన్న చివరి ముక్క మధ్యాహ్నానికల్లా మెసేజుల్లో ఎగిరిపోయింది. ఒక గోడౌన్ సేఠ్ ఫోన్ చేసి, రాయి పడేటప్పుడు కెమెరాలు ఆపాలా, ఉంచాలా అని అడిగాడు. ఉంచమన్నాను.

పొద్దు గూకే వేళకు అత్త నా దుకాణంలోనే ఉంది, ఫోన్‌కు పగిలిన గ్లాసు మార్పించుకుంటోంది. ఉన్నట్టుండి బయట తెల్లటి వెలుగు వచ్చింది. రోడ్డు మీద ఆటోల నీడలు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరిగిపోయాయి. కాసేపటికి ఉరిమినట్టు చప్పుడు. నాకా మొత్తం ఆగింది. తర్వాత అందరూ ఒకేసారి హారన్లు కొట్టడం మొదలుపెట్టారు.

"ట్రాన్స్‌ఫార్మర్ పేలింది," అంది అత్త. "కరెంటు పోతది. జల్ది గ్లాసు ఎయ్యి."

అత్తను నా బండి మీద ఇంటికి దింపి, టీ తాగుతున్నాను. మామ పాళీ దిగి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడిపోయాడు. నోరు తెరిచాడు, మూశాడు. ఆయన మాటల కోసం తడుముకోవడం నాకు కొత్త.

"చెప్తే నమ్మవు," అన్నాడు అత్తతో. "మా కార్ఖానాల చుక్క పడ్డది."

అత్త స్టవ్ తగ్గించి ఇటు తిరిగింది.

"ఒట్టు. పైన రేకుల పత్రా పలగ్గొట్టుకోని వచ్చింది. నా సాంచ పక్కన గచ్చు మీద పడ్డది. గచ్చు లేచిపోయింది. నల్లగ, పిడికెడంత రాయి. చేత పట్టుకుంటె సల్లగున్నది."

"మంటలు లేచుకుంట వచ్చిన రాయి సల్లగున్నదా మామా?" అన్నాను.

"సల్లగనే ఉండె. నేనేం చెయ్య?"

"ఏది మరి?" అంది అత్త.

"ఇంటి తువ్వాల్ల చుట్టి కిటికీల పెట్టిన. పొద్దుగాల తెస్త. సేఠ్ వాకిట్ల ఉండె, చూస్తె గుంజుకుంటడని తేలే."

పొద్దున పోయేసరికి కిటికీలో రాయి లేదు, తువ్వాల లేదు. రాత్రి పాళీలో అదే సాంచ నడిపే మనిషిని అడిగాడు. మామ నోట చుక్క అన్న మాట రాగానే అతను, "చూడలే కాకా, చూడలే," అంటూ చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మామ చెప్పేది చివరిదాకా వినే అలవాటు ఆ కార్ఖానాలో ఎవరికీ లేదు. పత్రాకు బొక్క మాత్రం ఉంది. కానీ పద్మనగర్‌లో బొక్కలేని పత్రా ఎవరి కార్ఖానాకు ఉంది?

అత్త సంచి సర్దుకుంది. వెంటనే పోలేదు, ఎందుకంటే కుర్లా నుంచి రైలుకు టికెట్ దొరకలేదు. దొరికినరోజు పోతానని చెప్పింది. వంట మామూలుగానే చేసేది, వడ్డించేది, మాట్లాడేది కాదు. ఒక్కసారి మాత్రం, "చుక్క పోతె పోయింది, మంచి తువ్వాల," అంది. మామ కూడా మాట్లాడటం మానేశాడు. నిజం చెప్పి శిక్ష పడటం ఆయనకు అదే మొదలు, ఎట్లా భరించాలో తెలియలేదు. చూస్తే నాకు జాలివేసింది. నమ్మానా అంటే, నమ్మలేదు.

ఆ వారంలోనే రాళ్ళు వెతికేవాళ్ళు వచ్చారు. ముంబై నుంచి నలుగురు, వాళ్ళకు పెద్ద ఒక మేడం. ఆమెది గుంటూరు వైపు. నా బోర్డు మీద తెలుగు చూసి లోపలికి వచ్చింది. నేను బిగించిన కెమెరాల్లో ఆ సాయంత్రం పడిన వెలుగు, కదిలిన నీడలు కావాలంది. వాటినిబట్టి రాయి ఏ దారిన వచ్చిందో, ఎక్కడ ముక్కలైందో లెక్కకడతారట. తర్వాత గాలి ఎటు వీచిందో చూసి, ముక్కలు ఎక్కడ పడ్డాయో ఊహిస్తారట. నేను సేఠ్‌లందరినీ బతిమాలి రికార్డింగులు తెచ్చి ఇచ్చాను.

మర్నాడు ఆమె ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది.

"ఏమండీ, మీ కెమెరాల ప్రకారం ఈ రాయి పడ్డాక దాని వెలుగు వచ్చిందండీ. ఒక కెమెరాలో అయితే టెలిస్కోపుకు కనబడకముందే పడిపోయింది."

తప్పు నాది కాదని చెప్పాను. మా దగ్గర గడియారాలు అలాగే ఉంటాయి. పాళీకి మనుషులు వేళకు రావాలని ప్రతి సేఠ్ గడియారం ముందుకు జరుపుతాడు, కెమెరాలో టైము కూడా. ఎవరి అవసరాన్నిబట్టి వారు జరుపుతారు. ఒకాయన తారీఖే జరిపించాడు, కారణం అడిగితే నీకెందుకన్నాడు. మేడం కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత ఆ వెలుగునే గుర్తుగా పెట్టుకుని గడియారాలన్నీ ఒక దారికి తెచ్చుకుంది.

రాయి వచ్చిన దారికి వాళ్ళు గీసిన గీత అంజూర్ ఫాటా వైపు పోయింది. పెద్ద ముక్కలు దూరం పోతాయట, చిన్నవి ముందే రాలుతాయట. చిన్నవి రాలేచోటు సరిగ్గా పద్మనగర్ మీద పడింది. అంత ఇరుకులో వెతకడం కుదరదని దాన్ని వదిలేశారు. గోడౌన్ల పైకప్పులు ఎక్కారు, పొలాలు తిరిగారు. క్రికెట్ బంతులు, ఒంటి చెప్పులు దొరికాయి. రాళ్ళు కావాలని తెలిసి జనం సంచుల్లో తెచ్చిపోయారు. అన్నీ నూలుకు గంజి పట్టించే సైజింగ్ బాయిలర్లలో బొగ్గు కాలి మిగిలిన చిట్టెం ముక్కలే. మేడం ఒక్కొక్కటి చేత్తో పట్టి చూసి, దండం పెట్టి వెనక్కిచ్చేది.

చివరిరోజు నా దుకాణంలో టీ తాగుతూ, వానలు మొదలైతే ఇక దొరకవండీ, తడిస్తే పాడైపోతాయి అంది. ఆమెను నవ్విద్దామని మా మామ సంగతి ఎత్తుకున్నాను. మొసలి, మంత్రి, గుండె ఆపరేషన్ అన్నీ వరుసగా చెప్పాను. బాగా నవ్వింది.

"ఇప్పుడేమో మీ రాయి తన సాంచ పక్కనే పడిందంటాడు. పైగా పట్టుకుంటే చల్లగా ఉందట."

ఆమె నవ్వు ఆపేసింది. గ్లాసు కింద పెట్టింది.

"చల్లగా ఉందన్నారా? ఆయనే అన్నారా?"

"ఆయనే."

"ఏమండీ, అబద్ధం చెప్పేవాళ్ళు కాలుతోంది అంటారు. అందరూ అదే అనుకుంటారు. పైన మంట కాసేపే ఉంటుంది. కింది దాకా వచ్చేసరికి ఆరిపోతుంది. లోపలంతా ఎప్పటి నుంచో చలిలో తిరిగిన రాయండీ అది. పదండి."

మేడం వెంట వచ్చినవాళ్ళనూ తీసుకుని కార్ఖానాకు పోయాం. మామ సాంచ దగ్గరే ఉన్నాడు. సేఠ్ గొణుగుతూ సాంచాలు ఆపించాడు. మేడం పైన పత్రాకున్న బొక్క చూసింది, కింద లేచిపోయిన గచ్చు చూసింది, మోకాళ్ళ మీద కూర్చుంది. సంచిలోంచి అయస్కాంతం తీసింది. ఆ రాళ్ళలో ఇనుము ఉంటుందట. ఇనుప సాంచాల మధ్య ఆ అయస్కాంతం ఎటు కదిపినా అతుక్కుంది, చివరికి ఇద్దరు పట్టి లాగాల్సి వచ్చింది.

అదే వేళకు అత్త టిఫిన్ డబ్బా తెచ్చింది. మాటలు లేకపోయినా డబ్బా తప్పేది కాదు. గుంపును చూసి, ఎవరినీ పలకరించకుండా సాంచ వెనక్కి నడిచింది.

"నా తువ్వాల గీడ ఎందుకున్నది?"

సాంచ వెనక పడుగు చుట్టిన బీము ఉంటుంది. నూలు బిగువుగా ఉండాలని దానికి బరువులు వేలాడదీస్తారు. ఇనుప ముక్క, ఇటుక, ఏది దొరికితే అది. మూడు ఇనుప ముక్కల పక్కన, నూనె మరకలతో, దూది పట్టిన అత్త తువ్వాల మూట వేలాడుతోంది. రాత్రి పాళీ మనిషికి ఆ మధ్య పడుగు వదులవుతోందట. కిటికీలో చిన్నగా, బరువుగా ఏదో మూట కనబడితే తాడు కట్టి వేలాడదీశాడు. అందులో ఏముందో చూసే పని అతనికి లేదు. బట్ట బిగువుగా వచ్చింది, చాలు. అన్నిరోజులూ మామ దాన్ని పక్కనే పెట్టుకుని సాంచ నడిపాడు.

మేడం చేతికి తొడుగు వేసుకుని ముడి విప్పింది. నల్లటి రాయి, ఒక మూల విరిగి లోపల బూడిదరంగు, సన్నటి మెరుపులు. ఆమె దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత మామ వైపు తిరిగి చేతులు జోడించింది.

"మీరు చెప్పిందంతా నిజమేనండీ."

మామ అత్తను చూశాడు. అత్త తువ్వాలను చూస్తోంది. అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండేది. కానీ ఆ బృందంలో ఒకతను ఫోన్ తీసి, జరిగింది జరిగినట్టు చెప్పండి, రికార్డు ఉండాలి అన్నాడు. చుట్టుపక్కల కార్ఖానాల నుంచి జనం వచ్చి తలుపు దగ్గర నిండిపోయారు. జీవితంలో మొదటిసారి మామ మాటను అందరూ చివరిదాకా వింటున్నారు. వెలుగు గురించి, చప్పుడు గురించి సరిగ్గానే చెప్పాడు. తర్వాత గొంతు మారింది. ఆ గొంతు నాకు తెలుసు.

"పత్రా పలిగి వస్తుంటె చూసిన. చెయ్యి చాపి పట్టుకున్న."

మేడం పగిలిన గచ్చు వైపు చూసింది. "చేత్తో పట్టుకున్నారా అండీ?"

మామకు అప్పుడు తెలిసింది, ఏమన్నాడో. అత్త పెట్టిన షరతు వాడకంతా తెలిసిందే. తలుపు దగ్గరున్నవాళ్ళంతా అత్త వైపు తిరిగారు. అత్త తువ్వాల దులిపి భుజాన వేసుకుంది.

"ఔ బిడ్డా, పట్టిండు," అంది మేడంతో. "నేను ఈడనే ఉన్న. నా కండ్లతోటి చూసిన."

రాయి పడ్డ వేళకు అత్త నా దుకాణంలో ఫోన్‌కు గ్లాసు వేయించుకుంటోంది. నేను నోరెత్తలేదు.

మామ ఆమె వైపు అట్లాగే చూశాడు. తర్వాత ఫోన్ పట్టుకున్నతని చెయ్యి మెల్లగా కిందికి దించాడు.

"లేదు బిడ్డా. గచ్చు మీదనే పడ్డది, తర్వాత నేను లేపిన. ఆమె ఆ పొద్దు ఈడ లేకుండె. ఆమె మాట రాసుకోకు, ఆమెకు అబద్ధం చెప్పుడు రాదు."