నక్షత్రాల స్టాంపు, సింహాల స్టాంపు

నా చిన్నప్పుడు మా అమ్మ ఇంట్లో లేని సంవత్సరం ఒకటి ఉంది. ఊపిరితిత్తుల జబ్బు చేస్తే ఆమెను దూరాన పెండ్రా దగ్గరున్న శానిటోరియం ఆస్పత్రిలో చేర్చారు. పిల్లల్ని అక్కడికి రానివ్వరు. నాన్నకు రైలింజన్ల లోకోషెడ్డులో డ్యూటీ. నన్ను చూసుకోవడానికి శ్రీకాకుళం నుంచి నాయనమ్మ వచ్చింది. "అమ్మ ఎప్పుడొస్తాది?" అని ఎవరినడిగినా "వచ్చేస్తాదిలే" అనేవారు. నేను బడి నుంచి రాగానే తార్‌బహార్ రైల్వే కాలనీలోని మా ఇంటి మెట్ల మీద కూర్చుని, స్టేషన్ వైపు నుంచి వచ్చే ప్రతి రిక్షా వంకా చూసేదాన్ని.

పక్కింటి అక్క అది గమనించింది. మెట్రిక్‌తో చదువాపేసి ఇంట్లో ఉండే ఆమెకు స్టాంపుల పిచ్చి. చుట్టుపక్కల క్వార్టర్ల వాళ్లంతా తమకొచ్చిన కవర్ల మీది స్టాంపులు చింపి ఆమెకే ఇచ్చేవారు. ఒక మధ్యాహ్నం నన్ను వరండాలోకి పిలిచి, చాప మీద రెండు స్టాంపులు పెట్టింది. రెండింటి మీదా భారతదేశం పటమే. రంగూ ఒకటే, ధరా ఒకటే.

"ఇవి ఒకటేనేటే?"

"ఒకటే అక్కా."

"అచ్ఛా. ఇప్పుడు చూడు."

నా పలక మీద వాటిని బోర్లా పెట్టి, వాళ్ల నాన్న సిగరెట్ లైటరులో పోసుకునే పెట్రోలు ఒక్కో చుక్క వేసింది. తడిసిన కాగితంలో, ఒకదానిలో చిన్న చిన్న నక్షత్రాలు తేలాయి. రెండోదానిలో సింహాల స్తంభం కనిపించింది. నేను నోరు తెరుచుకుని చూస్తూండగానే పెట్రోలు ఆరిపోయింది, బొమ్మలు మాయమయ్యాయి. ముందు నక్షత్రాల గుర్తు లోపలే దాగున్న కాగితం మీద అచ్చేసేవారట, తర్వాత సింహాల కాగితం వచ్చిందట, పైన పటం మాత్రం మార్చలేదట.

అక్క లోపలికెళ్లి బిస్కెట్ల డబ్బా తెచ్చింది. దాని నిండా పటం స్టాంపులే. "నక్షత్రాలవి ఇటు, సింహాలవి అటు. మీ అమ్మొచ్చేసరికి ఇవన్నీ అయిపోవాల" అంది.

ఆ మాటను నేను నాకు కావలసినట్టు అర్థం చేసుకున్నాను. డబ్బా ఖాళీ అయిన రోజున అమ్మ వచ్చేస్తుందని. ఇక మెట్ల మీద కూర్చోలేదు. రోజూ పుస్తకాల సంచీ గుమ్మంలో పడేసి వరండాలోకి పరుగెత్తేదాన్ని. వేళ్లకు పెట్రోలు వాసన పట్టేసి, అన్నం తినేటప్పుడు నాయనమ్మ ముక్కు మూసుకునేది. అయినా డబ్బా తరగలేదు.

ఒకనాడు మూల చిరిగి, ఎర్ర సిరా మరకున్న స్టాంపు చేతికొచ్చింది. అంతకుముందు వారమే దాన్ని సింహాల వైపు పెట్టాను. అప్పుడు తెలిసింది. నేను వేరుచేసినవాటినే అక్క మళ్లీ డబ్బాలో కలిపేస్తోంది.

పలక తోసేసి ఏడ్చాను. "ఇలాగైతే ఎప్పటికీ అవ్వదు. అమ్మ ఇంక రాదు!"

అక్క మొహం పాలిపోయింది. నా లెక్క ఆమెకు అప్పుడే అర్థమైనట్టుంది. నన్ను ఒళ్లోకి లాక్కుంది. "డబ్బాకీ అమ్మకీ ఏటి సంబంధమే పిచ్చిదానా? మీ అమ్మ ఎప్పుడొస్తాదో నాకు తెల్దు. ఎవులికీ తెల్దు. తెల్దు కాబట్టే, అందాకా నీతో కూచుందామనుకున్నాను."

ఆ ఏడాదంతట్లో నాకు నిజం చెప్పిన మనిషి ఆమె ఒక్కతే. విచిత్రంగా, ఆ మాటతో నా ఏడుపు ఆగింది. కాసేపటికి కొంగుతో నా మొహం తుడిచి, పలక మళ్లీ మా మధ్యన పెట్టింది.

వానలు మొదలయ్యాక అమ్మ వచ్చింది. చిక్కి సగమైంది కానీ నవ్వుతూ రిక్షా దిగింది. నేను లేచిన ఊపుకి పెట్రోలు సీసా చాప మీద ఒలికిపోయింది. ఆ మరుసటేడు అక్క వాళ్ల నాన్నకు బదిలీ అయింది. తర్వాత ఆమె ఎక్కడుందో తెలియలేదు. ఇప్పటికీ ఎక్కడైనా పటం స్టాంపు కనబడితే, దాన్ని ఆమెకు చూపించాలని మనసు లాగుతుంది. చూపించడానికి ఆమె పక్కన లేదు.

మొన్న మా పొరుగావిడ భర్తకు ఆపరేషన్ అయితే, ఆవిడకు తోడుగా ఆస్పత్రికి వెళ్లాను. ఆవిడ పదేపదే తలుపు వంక చూస్తూ, "ఏమీ కాదు కదమ్మా?" అని నన్నడిగింది. "నాకు తెలియదమ్మా" అన్నాను. సంచీలోంచి పచ్చి బఠాణీ కాయలు తీసి, ఒలవడానికి ఇద్దరి మధ్యా పోసి, ఆవిడ పక్కనే కూర్చున్నాను.