సగం సత్ప్రసాదం

ఇప్పటికీ మా ఇంట్లో సాంబ్రాణి వాసన వచ్చిందంటే నా చేతులు ముందు తువ్వాలు కోసం వెతుక్కుంటాయి. ఈ దేశపు ఇళ్ళలో కాస్త పొగ లేస్తే చాలు, పైకప్పుకు బిగించిన అలారం వీధంతా వినపడేలా అరుస్తుంది. సిడ్నీ శివారు క్వేకర్స్ హిల్‌లోని మా ఇంట్లో దాని కింద నిలబడి తువ్వాలు విసరడం చిన్నప్పుడు నా పని. శనివారం నాన్న వెంకటేశ్వరస్వామి పటానికి వేసిన పొగే తీరిగ్గా పక్క బల్ల మీది మరియమాత దగ్గరకూ పోయేది. "ఇద్దరికీ సరిపోద్దిలేవే" అనేవాడు నాన్న.

అమ్మది గుంటూరు దగ్గర పల్లె, తాతల నాటి నుంచీ కతోలికులు. నాన్నది తెనాలి, హిందువు. ఇద్దరూ రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకుని, నన్ను చంకనేసుకుని సిడ్నీ వచ్చారు. మా ఇంట్లో శుక్రవారం అమ్మ కోసం మాంసం ఉండేది కాదు, శనివారం నాన్న కోసం ఉండేది కాదు. ఈస్టరు ముందు నలభై రోజుల తపస్సు కాలమూ, కార్తీక మాసమూ కూడా కలుపుకుంటే నా కోడికూర యోగం ఎలా ఉండేదో చెప్పనక్కర్లేదు. క్రిస్మస్‌కు బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే అమ్మ గరాజులో స్టవ్ పెట్టుకుని, చెంగుతో చెమట తుడుచుకుంటూ బెల్లం పాకం పట్టి అరిసెలు వండేది. వినాయక చవితికి నాన్న నన్ను వెంటేసుకుని వీధులన్నీ తిరిగి బాటిల్ బ్రష్ కొమ్మలూ, యూకలిప్టస్ ఆకులూ, ఎవరి కంచె మీంచో వేలాడే నిమ్మరెమ్మలూ పత్రి కింద కోసుకొచ్చేవాడు. సాయంత్రాలు కుక్కరు కూతల మధ్య అమ్మ జపమాల చెప్పుకునేది. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది ఆమె జపాల పుస్తకంలోనే.

నాన్నకు దేవుళ్ళ మధ్య గోడలు తెలియవు. ఏ దేవుడి దగ్గర ఎవరేం పెట్టినా కుడిచేతి కింద ఎడమచెయ్యి ఆనించి పుచ్చుకుని, కళ్ళకద్దుకుని నోట్లో వేసుకునేవాడు. అమ్మ వాటా మాత్రం మరిచిపోకుండా కాగితంలో చుట్టి తెచ్చేవాడు. ప్రసాదం ఒక్కడే తినడం ఆయన ఎరుగడు.

ఆదివారం ఉదయం మమ్మల్ని చర్చి దగ్గర దింపి, నాన్న కూరగాయలకు పోయేవాడు. అందుకే లోపల జరిగేది ఆయనకు తెలిసేది కాదు. సత్ప్రసాదమనే పల్చని అప్పం బిళ్ళ పంచే వేళకు అందరూ లేచి వరుస కట్టేవారు. అమ్మ మాత్రం లేవకుండా, మోకాళ్ళు పక్కకు తిప్పి, వెళ్ళేవాళ్ళకు దారిచ్చేది. ఆంటీలు హ్యాండ్‌బ్యాగులు ఆమె పక్కన పెట్టి పోయేవారు. బ్యాగుల కాపలా కోసమే అమ్మ కూర్చుంటుందని నేను చాలాకాలం నమ్మాను. చర్చిలో పెళ్ళి జరగలేదు గనుక ఇక సత్ప్రసాదం తీసుకోకూడదని వాళ్ళ ఊరి ఫాదర్ గారు ఆమెకు ఎప్పుడో చెప్పేశారు. ఆ మాట అమ్మ నాన్నతో అనలేదు. ఎవరి కోసం వదులుకుందో ఆ మనిషికే తెలియకుండా అన్నేళ్ళూ ఆకలితో కూర్చుంది.

మూడో తరగతిలో నా తొలి సత్ప్రసాదం. చలికాలం మొదలైంది, తెల్ల గౌను కింద స్వెట్టర్ వేసుకుంటే బొద్దుగా కనపడతానని నా ఏడుపు. ఇంట్లో పులిహోర, గారెలు, కోడికూర, నేను పట్టుబట్టి తెప్పించిన పావ్‌లోవా కేకు. నాన్న ఇస్త్రీ చొక్కాతో చర్చికి వచ్చి మొదటిసారి మా పక్కన ముందు వరుసలో కూర్చున్నాడు. నేను తీసుకుని వచ్చాక మా వరుసవాళ్ళందరూ లేచారు. నాన్న కూడా లేచాడు. అమ్మ ఆయన చొక్కా పట్టుకుని లాగింది గానీ, దారిమ్మంటోందనుకుని ఆయన ముందుకు నడిచాడు.

ఎప్పటిలాగే చేతులు ఆనించి పుచ్చుకున్నాడు. కళ్ళకద్దుకున్నాడు. రెండుగా విరిచి, ఒక సగం నోట్లో వేసుకుని, రెండో సగం గుప్పిట్లో పట్టుకుని నేరుగా అమ్మ దగ్గరకు వచ్చాడు.

"నువ్వు లేవలేదుగా, నీకూ తెచ్చా. పుచ్చుకో."

అమ్మ ఆ అరచేతి వంక చూసింది. అంత ఆశగా ఆమె దేన్నీ చూడగా నేను చూడలేదు. వెనకాలే సత్ప్రసాదం పంచే ఆంటీ గబగబా వచ్చి, పాపం మెల్లగానే, "సార్, దాన్ని ఇక్కడే తినేయాలి, అలా తీసుకుపోకూడదు" అని ఇంగ్లీషులో చెప్పింది. అమ్మ చెయ్యి ఒళ్ళోంచి లేచింది. మళ్ళీ దిగిపోయింది.

"మీరే తినేయండి. నాకు లేదు."

నాన్న తిన్నాడు. ఎందుకు లేదో కార్లో అడిగాడు. అమ్మ చెప్పింది. ఇంట్లో చుట్టాల్లాంటి స్నేహితులంతా గారెలు బాగున్నాయంటుంటే, నాన్న పళ్ళెం పట్టుకుని వెనకదొడ్లో నిలబడిపోయాడు.

మరుసటి వారం ఆయనే అమ్మను ఇక్కడి చర్చి ఫాదర్ గారి దగ్గరకు తీసుకెళ్ళాడు. ఆ ముసలాయన అంతా విని, దీన్ని సరిచేసే పద్ధతి ఉంది, మీ ఆయన మతం మారనక్కర్లేదు, ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదమ్మా అని నొచ్చుకున్నాడు. "ఒకసారి లేదన్నాక మళ్ళీ ఏం అడుగుతామండీ" అంది అమ్మ, ఇంటికొచ్చాక. అనుమతి కాగితాలు వచ్చాక, ఒక మధ్యాహ్నం ఇద్దరు సాక్షుల ముందు ఆ పెళ్ళి చర్చిలో మళ్ళీ జరిగింది. టీ చల్లారేలోపు అయిపోయింది. ఆ ఆదివారం అమ్మ ఫాదర్ గారి దగ్గర తప్పులు ఒప్పుకుని, పాపసంకీర్తనం చేసుకుని వరుసలో నిలబడింది. తిరిగొస్తున్న ఆమె ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది.

పెళ్ళయిన ఆ మధ్యాహ్నమే ఫాదర్ గారు నాన్నకు ఎంతో మర్యాదగా వివరించారు, జ్ఞానస్నానం లేనివాళ్ళు సత్ప్రసాదం తీసుకోకూడదని. నాన్న చిన్నపిల్లాడిలా తలూపి, తెలియక చేశానని క్షమాపణ అడిగాడు. ఎవరినీ తప్పుపట్టలేను. నియమం ఉంది, చెప్పారు. కానీ ఆ రోజు నుంచీ ఆయనలో ఏదో ముడుచుకుపోయింది. ప్రసాదం పొట్లాలు రావడం మానేశాయి. ఎక్కడికెళ్ళినా వెనక నిలబడి, అందరూ ఏం చేస్తున్నారో చూసేవాడు. అమ్మకు దక్కాల్సింది దక్కిందని సంతోషపడినప్పుడల్లా, ఆ రెండో సంగతి కూడా వెంటే గుర్తొస్తుంది.

నాన్నకిప్పుడు డెబ్బై దాటాయి. పోయిన నెల ఇద్దరినీ వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్ళాను. పూజారిగారు తీర్థం పట్టుకుని దగ్గరకొచ్చారు. నాన్న చెయ్యి చాపబోయి, ఆగాడు.

"నేను పుచ్చుకోవచ్చాండీ?" అన్నాడు.