పోపు లేని అరటికాయ పొరలు

మా అత్తగారికి పక్షవాతం వచ్చాక నేను అన్నిటికంటే ఎక్కువ భయపడింది చెంచాకి. నవ్వితే నవ్వండి. ఆమెకు కుడిచెయ్యి పడిపోవడంతో పాటు గొంతు కూడా బలహీనపడింది. తిన్నది దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి జారితే మనిషి దక్కడం కష్టమని ఎల్బీనగర్ దవాఖానాలో మింగడం నేర్పే థెరపీ అమ్మాయి నా మొహం మీదే చెప్పింది. నీళ్ళు నేరుగా తాగించకూడదు. గట్టివి, పొడిపొడిగా రాలేవి, జిగురుగా అంటుకునేవి పెట్టకూడదు. చెంచా ఒంచితే ముద్ద ఒక్కసారిగా జారిపడాలి, కారకూడదు. ప్రతి చెంచా తర్వాత ఆమె చేత ఏదో ఒక మాట పలికించాలి. గొంతు తేటగా ఉంటే మెతుకు సరైన దారిన పోయినట్టు, గరగరమంటే వెంటనే ఆపేయాలి.

ఏ మాట పలుకుతారని అడిగితే అత్తగారు ఎంచుకున్నది "బిడ్డా" అని. ఆమెది నల్గొండ పక్క పల్లె, నాది కృష్ణా జిల్లా. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆమె అలా పిలిస్తే, ఆడపడుచు వచ్చిందేమోనని వెనక్కి తిరిగి చూసేదాన్ని. ఇప్పుడు ఆ మాట వినపడితే తప్ప నా చెయ్యి రెండో చెంచా ఎత్తదు.

మొదట్లో అన్నం, పప్పు, కూర కలిపి మిక్సీలో తిప్పి పెట్టాను. ఏం వేసినా చివరికి అదే మట్టిరంగు. నాలుగు పూటలు ఓర్చుకుని, ఆ తర్వాత నోరు బిగించేసింది.

"గిది తిండా బిడ్డా? గోడకు పూసేటట్టుంది" అన్నది, నాలుక మడతపడుతుంటే ఒక్కో మాటా కూడదీసుకుని.

నాకు ఒళ్ళు మండింది. పొద్దున్నే లేచి ఇంత చేస్తే గోడకు పూయాలట. కానీ కోపం ఎంతసేపు ఉంటుంది, ఆమె చేతి గాజులు మోచేతి దాకా జారిపోతుంటే? తినకపోతే ముక్కులోంచి గొట్టం వేయాల్సిందేనన్నారు దవాఖానాలో. గొట్టం మాట వినగానే ఆమె మంచి చేత్తో నా కొంగు పట్టుకుంది. ఆ పట్టు ఎంతసేపటికీ వదల్లేదు. ఎలాగైనా నోటితోనే తినిపించాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

ఆ రోజుల్లోనే ఫోన్లో ఒక వీడియో కనపడింది. ఏదో దేశంలో అరటికాయల్ని పొరలు పొరలుగా పళ్ళెంలో పరిచి, మధ్యలో కూర నింపి, ఓవెన్లో పెడుతున్నారు. మా ఇంట్లో ఓవెన్ లేదు. కుక్కరుంది, స్టీలు డబ్బా ఉంది, దిల్‌సుఖ్‌నగర్ మార్కెట్లో ఏ కాలంలోనైనా అరటికాయలుంటాయి. బాగా ఉడకబెట్టి, తొక్క తీసి, మెదిపి, జిగురు పోయేదాకా పెరుగు కలిపి వడకట్టాను. డబ్బా అడుగున అదొక పొర. దాని మీద పాలకూర ముద్ద, పైన పలుచగా ఇంకో అరటికాయ పొర, దాని మీద మెత్తటి పెసరపప్పు, అన్నిటి పైనా మళ్ళీ అరటికాయ. వెయిట్ పెట్టకుండా కుక్కర్లో ఆవిరికి ఉడికించాను. చెంచాతో నిలువుగా కోస్తే తెలుపు, ఆకుపచ్చ, పసుపు దేనికది కనపడింది. అత్తగారు చెంచా వైపు చాలాసేపు చూసింది.

"పాలకూర," అన్నది, మింగాక. "బిడ్డా" అనడం మర్చిపోయింది. గొంతు తేటగా ఉంది కాబట్టి రెండో చెంచా అందించాను. ఆ రోజు డబ్బాలో సగం తినేసింది.

అలా మా ఇంట్లో అరటికాయ పొరలు మొదలయ్యాయి. గుమ్మడికాయ ఒక రోజు, సొరకాయ ఒక రోజు, మామిడికాయ పప్పు ఒక రోజు. ఎన్ని మార్చినా ఒక్కటి మాత్రం వేసేదాన్ని కాదు. పోపు. ఆవాలు, శనగపప్పు, కరివేపాకు, ఎండుమిర్చి తొక్క, అన్నీ గొంతుకు అడ్డం పడేవే. మా చైతన్యపురి ఇంటి గోడకు ఆనుకుని ఆడపిల్లల హాస్టల్ ఉంది. వాళ్ళ వంటగది కిటికీ మా వంటింటి కిటికీకి ఎదురుబొదురు. పూటపూటకీ అక్కడ పోపు చిటపటలాడేది, ఇక్కడ అత్తగారు పడుకునే ముక్కు ఎగబీల్చేది. చూసీ చూడనట్టు ఊరుకునేదాన్ని.

ఒక ఆదివారం మన్సూరాబాద్ నుంచి మా ఆడపడుచు వచ్చింది. మా ఆయనకు అక్క. మా ఆయన బస్సు డ్రైవరు, ఆ రోజు విజయవాడ రూట్లో ఉన్నాడు. ఆడపడుచు చెయ్యి ఊరికే ఉండదు. వచ్చిందంటే గిన్నెలు తోముతుంది, దుప్పట్లు ఉతుకుతుంది, తల్లికి జడ వేస్తుంది. నేను డబ్బాలో పప్పు పొర వరకు పరిచాను. పై పొరకు అరటికాయ ముద్ద పక్క గిన్నెలో ఉంది. అంతలో మందులు అయిపోయాయని గుర్తొచ్చి, మెట్రో స్టేషన్ కింద మెడికల్ షాపుకు పరిగెత్తాను. నేను వచ్చేసరికి డబ్బా కుక్కర్లో ఉంది, ఆవిరి వస్తోంది. హమ్మయ్య, ఒక పని తప్పిందనుకున్నాను. వంటింట్లో పోపు వాసన ఘుమఘుమలాడుతోంది. హాస్టల్ వాళ్ళకు వంట వేళ అప్పుడే అయిందా అని కిటికీ మూసేశాను.

దిండ్లు ఎత్తుగా పెట్టి అత్తగారిని నిటారుగా కూర్చోబెట్టాను. డబ్బా అంచు నుంచి తీసి పెట్టాను. "బిడ్డా." తేటగా ఉంది. ఇంకో చెంచా. "బిడ్డా." ఆడపడుచు మంచం కాళ్ళ దగ్గర కూర్చుని తల్లి పాదాలు ఒత్తుతోంది. మధ్యలోంచి ఒక చెంచా తీసి పెట్టాను. అత్తగారు మింగింది. ఎదురుచూశాను. మాట రాలేదు.

"పిలవండి అత్తయ్యా," అన్నాను.

పెదాలు కదిలాయి, గొంతు పలకలేదు. కళ్ళు పెద్దవయ్యాయి. మెడ మీద నరాలు తేలాయి. లోపలెక్కడో గురగుర చప్పుడు, దగ్గు రావాలని చూస్తోంది, రావడం లేదు.

ఆడపడుచు లేచి తల్లి నడినెత్తి మీద తట్టడం మొదలుపెట్టింది. పొలమారితే ఎవరింట్లోనైనా చేసేది అదేగా.

"తమ్ముడు తల్సుకుంటున్నడమ్మా, గంతే," అంటూ రెండో చేత్తో చెంబు అందుకుంది.

"నీళ్ళొద్దు వదినా!"

ఆ అరుపు నాదేనా అనిపించింది. చెంబు చేతిలోంచి లాక్కున్నాను, సగం పక్క మీద ఒలికింది. అత్తగారిని ముందుకు ఒంచి, రెక్కల మధ్య అరచేత్తో కొట్టాను. గట్టిగా కొట్టాను. ఎముకలు చేతికి తగులుతున్నాయి. ఈ ముసలిదాన్ని నా చేతులతో నేనే చంపుతున్నానా అనుకుంటూ కొట్టాను. ఊపిరి ఆడుతోందో లేదో తెలియడం లేదు. మా ఆయనకు ఏమని చెప్పను? స్టీరింగ్ మీద చేతులున్న మనిషికి ఫోన్ చేసి ఏమని చెప్పను?

దగ్గు వచ్చింది. చిన్నది. మళ్ళీ పెద్దది. నేను గడ్డం కింద పట్టిన తువ్వాలు మీద తడిగా ఏదో పడింది. ఒక కరివేపాకు, దానికి అంటుకుని శనగపప్పు బద్ద.

నేను ఆ బద్దను చూశాను. ఆడపడుచూ చూసింది.

"పప్పు సప్పగ ఉన్నదని జర పోపేసిన," అన్నది, ముఖం తెల్లబోయి. "గట్టియి పెట్టొద్దన్నరు గని, పోపు తిండేంది పిల్లా? పోపు వాసనకే గద."

తిట్టడానికి నోరు తెరిచాను. అంతలో ఒకటి గుర్తొచ్చింది. దవాఖానాలో ఏమేం పెడుతున్నారని అడిగినప్పుడు నేనూ అన్నం, పప్పు, కూర అని చెప్పానే గానీ పోపు మాట ఎత్తలేదు. అలా ఎవరు చెబుతారు? వదిన తన తల్లికి విషం పెట్టలేదు, కమ్మగా తినాలని పెట్టింది. అది తెలిసే కొద్దీ నాకు భయం ఎక్కువైంది.

"అత్తయ్యా, పిలవండి."

గరగరమంటూ వచ్చింది. మళ్ళీ దగ్గమన్నాను, మళ్ళీ పిలవమన్నాను. అత్తగారు అలిసిపోయింది, అయినా నేను వదల్లేదు. చివరికి తేటగా "బిడ్డా" అన్నది. ఆడపడుచు మంచం కోడు పట్టుకుని కూలబడి ఏడ్చింది. అత్తగారు కాస్త ఊపిరి తీసుకుని, డబ్బా వైపు చూసి ఇంకో మాట అన్నది.

"గిప్పుడు... కూర లెక్క ఉన్నది."

చావు అంచుల దాకా పోయొచ్చి, "బిడ్డా" కాకుండా ఆ మనిషి అన్న మొదటి మాట అది.

థెరపీ అమ్మాయికి ఫోన్ చేస్తే, జ్వరం వచ్చినా, ఆయాసం వచ్చినా వెంటనే తీసుకురమ్మంది. ఊపిరితిత్తుల్లోకి ఏమైనా జారి ఉంటే వెంటనే తెలియదట. ఆ తర్వాత నా బతుకంతా థర్మామీటరే. ఆమె కాస్త ముక్కు చీదినా దాన్ని తీసి చంకలో పెట్టేదాన్ని. నిద్రపోతుంటే ఛాతీ లేస్తోందా లేదా అని గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. మా ఆయన వచ్చి, ఏం కాదులే అన్నాడు గానీ, తనూ బూట్లు విప్పకుండానే వెళ్ళి తల్లి నుదురు తాకి చూశాడు. ఆడపడుచు ఫోన్ చేసి జ్వరమొచ్చిందా అని అడగలేక, వండినవా అని అడిగేది. జ్వరం రాలేదు.

జ్వరం రాకపోయినా నేను మళ్ళీ చప్పటి పొరలే పెట్టాను. అత్తగారు రెండు చెంచాలు తిని ముఖం తిప్పుకుంది. బతిమాలాను, విసుక్కున్నాను. గొట్టం పెడతారని బెదిరించాను కూడా. ఈసారి కొంగు పట్టుకోలేదు. గోడ వైపు తిరిగి, హాస్టల్ కిటికీలోంచి వచ్చే వాసన పీల్చుకుంటూ పడుకుంది. అది చూశాక నాకు అసలైన భయం పట్టుకుంది. పొలమారితే వీపు మీద కొట్టాను, వద్దనుకున్న మనిషిని ఎక్కడ కొట్టి బతికించుకోను?

వంటింట్లోకి వెళ్ళి బాండీ పెట్టాను. నూనె, ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ, అన్నీ వేసి ఎర్రగా వేయించాను. టీ వడకట్టే జాలిలో వడకట్టి, ఆ నూనె మాత్రం పప్పు పొరలో కలిపాను. జాలిని వెలుతురులో పట్టి చూశాను. నూనెను వేలితో తడిమి చూశాను. మళ్ళీ వడకట్టాను.

చెంచా నోటికి అందించాను. ఆవిడ మింగింది. "బిడ్డా," అన్నది. ఇంకోసారి పిలవమన్నాను. తేటగానే ఉంది. ఇంకో చెంచా తిన్నాక, పక్కన పళ్ళెంలో ఉన్న పోపు గింజల వైపు చూసింది.

"అవేం జేస్తవ్?"

"పారేస్తానత్తయ్యా."

"పారెయ్యకు. నువ్వు తిను. నా చెవు కాడ తిను."

ఆమె దిండు మీదికి ఒంగి, చెవి పక్కన, వేగిన శనగపప్పు నోట్లో వేసుకుని నమిలాను. కరకరమంది. ఆవిడ కళ్ళు మూసుకుని వింటోంది. నాకు ఏడుపు ఆగలేదు, నమలడమూ ఆపలేదు.

"జర గట్టిగ నమలు, బిడ్డా."

గొంతు తేటగా ఉంది. నేను తర్వాతి చెంచా ఎత్తాను.