కంప్యూటరు పక్కన తెలుగు పుస్తకం

కొత్త జిల్లాలు వచ్చిన ఏడాది, మార్కాపురంలో నేను పనిచేసే పలకల కంపెనీ ఆఫీసులో లెక్కలన్నీ ఎక్సెల్‌లోకి మార్చారు. అది నేర్చుకోకపోతే ప్యాకింగులోకి వెళ్ళమన్నాడు మేనేజరు. నలభై దాటినదాన్ని, వెళ్తాననే అనుకున్నాడు. నేను పుస్తకాల దుకాణానికి వెళ్ళాను.

దుకాణదారు లావుపాటి ఇంగ్లిషు పుస్తకం ముందు పెట్టి, "ఆఫీసోళ్ళంతా ఇదే కొనుక్కపోతారమ్మా" అన్నాడు. తెలుగులో ఉన్నవి చూపించమంటే, అవి పిల్లోళ్ళకని విసుక్కుంటూ రెండు తీసి బల్ల మీద పడేశాడు.

అప్పటికి నన్ను సతాయిస్తున్నది ఒక్కటే. పలక సైజు 7-10 అని కొడితే తెరమీద అక్టోబరు ఏడో తారీఖు పడేది. ఎంత చెరిపి కొట్టినా అంతే. అందుకే అక్కడే నిలబడి, మూడు పుస్తకాల్లోనూ దానికోసం వెతకడం మొదలుపెట్టాను.

"ఏందమ్మా, ఇదేమన్నా లైబ్రరీనా? కొనేదుంటే కొను."

"కొనేదానికే చూస్తుండా అన్నా. నాకు కావాల్సింది ఉంటేనే కొంటా. లేకుంటే ఒంగోలు పోయి తెచ్చుకుంటా."

ఇంగ్లిషు పుస్తకంలో అదెక్కడుందో నాకు దొరకలేదు. తెలుగువాటిలో ఒకదాంట్లో బొమ్మతో సహా ఉంది. ఆ గడిని ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలట. ఆ పుస్తకమే కొన్నాను.

మర్నాడు దాన్ని కంప్యూటరు పక్కన తెరిచి పెట్టుకుని పనికి కూర్చున్నాను. ఈసారి సైజు సైజుగానే నిలిచింది. అటుగా వచ్చిన మేనేజరు పుస్తకం చూశాడు.

"సరుకు కొనే పార్టీలొచ్చినప్పుడన్నా అది లోపల పెట్టక్కా. బాగుండదు."

"పెట్టను సార్. చూసుకుంటానే చేస్తా. పని తప్పొస్తే అప్పుడు అడగండి."

ఆయన తెరమీది లెక్క ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. ప్యాకింగు మాట మళ్ళీ ఎత్తలేదు.