లెక్క తప్పిందన్న మామ

నా చిన్నప్పుడు సౌదీలోని తాయిఫ్ కొండల మీద మంచు పడేది కాదు గానీ, మంచు మీద జారే ఆట మాత్రం ఉండేది. ఒక షేక్ గారు ఏ చలిదేశంలోనో చూసొచ్చి, కొండవాలంతా తెల్లటి ప్లాస్టిక్ చాపలు పరిపించి, వాటి మీద నీళ్లు చల్లించి, కాళ్లకు పలకలు కట్టుకుని జారమన్నారు. ఎండాకాలం జిద్దా నుంచి, రియాద్ నుంచి జనం తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చేవారు. వాళ్లను పైకి తీసుకెళ్లే కుర్చీలు ఇనుప తాడుకు వేలాడుతుండేవి. వాటి మరమ్మతు మా నాన్న పని. ఆయనకు తోడు జగిత్యాల నుంచి వచ్చిన పక్కగది మామ.

ఒక శుక్రవారం పొద్దున, గేట్లు తెరవకముందు, నాన్న ఖాళీ కుర్చీలను తిప్పి చూస్తున్నాడు. ఎనిమిదేళ్ల దాన్ని, ఎవరికీ చెప్పకుండా ఒక కుర్చీ ఎక్కి కూర్చున్నాను. సగం దూరం పోయేసరికి పొగమంచు కమ్మింది. అంతలో మోటారు ఆగిపోయింది. కాళ్ల కింద నేల కనిపించడం లేదు. ఏడ్చి ఏడ్చి, ఇక దూకేద్దామని అడ్డకడ్డీ పైకెత్తాను.

కింద ఇనుప స్తంభం టంగుమంది. నా ఏడుపు విని పరుగెత్తుకొచ్చిన మామ.

"బిడ్డా, కడ్డీ ఇడువకు! నేను పానాతోని కొడుత, నువ్వు లెక్కవెట్టు. నూరు గాంగనే కుర్చీ కదుల్తది."

నూరయింది. కుర్చీ కదల్లేదు.

"నడుమ ఒకటి తప్పినవ్. మల్ల మొదటి నుంచి!"

నాకు ఒళ్లు మండిపోయింది. ఇరవయ్యో ఎక్కం గడగడా అప్పజెప్పే పిల్లను నేను. తప్పలేదని అరిచాను. తప్పిందన్నాడు. మళ్లీ నూరు లెక్కపెట్టాను, మళ్లీ తప్పిందన్నాడు. ఈ మనిషికి లెక్కలే రావని తిట్టుకుంటూ, కడ్డీని రెండు చేతులా బిగించి మూడోసారి మొదలుపెట్టాను. అరవై మూడు దగ్గర కుర్చీ కదిలింది.

నాన్న మోటారును వెనక్కి తిప్పి నన్ను దించాడు. కొట్టడానికి చెయ్యెత్తి, కొట్టలేక గుండెకు హత్తుకున్నాడు. నేను మాత్రం మామతో తగువుకే దిగాను. ఆయన పానా వదిలేసి అక్కడే కూలబడ్డాడు. "నీదే కరెక్టు బిడ్డా, నేనే తప్పిన," అంటూ ఏడ్చాడు. గెలిచానని మురిసిపోయాను. పానా దెబ్బలకూ మోటారుకూ ఏ సంబంధమూ లేదని నాన్న చెప్పినా, మామ చేసిందేమిటో అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

తర్వాత ఎండకు చాపలు పెళుసెక్కాయి, కుర్చీలకు సామాను దొరకలేదు, షేక్ గారు తాళం వేశారు. మామ ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, ఊరెళ్లిపోయాడు. పోయినేడు రియాద్‌లో ఉంటున్న మా అబ్బాయి నన్ను అక్కడి నుంచి కారులో తీసుకెళ్లి ఆ కొండ చూపించాడు. కుర్చీలు తుప్పుపట్టి అలాగే వేలాడుతున్నాయి. ఒకదాంట్లో కోతి దర్జాగా కూర్చుంది. నా వారసురాలేనని నవ్వుకున్నాను.

మొన్న ఆసుపత్రిలో మా కోడలు కాన్పు నొప్పులకు బెదిరిపోయి, నావల్ల కాదు, ఇంటికి తీసుకుపొమ్మని ఏడ్చింది. ఊపిరులు లెక్కపెట్టమన్నాను. ఇరవై దాకా వచ్చాక, "నడుమ ఒకటి తప్పినవ్ బిడ్డా," అన్నాను.

అంత నొప్పిలోనూ నన్ను ఉరిమి చూసింది. "తప్పలేదత్తమ్మా! మంచిగనే లెక్కవెట్టిన!"

అమ్మయ్య, కోపం వచ్చింది. ఇక ఫరవాలేదనుకున్నాను.