నవ్వినవాళ్ళు లేవండి

ఎనభైల మొదట్లో నేను ఉత్తరాదిన ఒక ఉక్కు కర్మాగారం ఊళ్ళో, కాసిడీహ్ పేటలోని తెలుగు బడిలో ఆరో తరగతి టీచర్ని. బాగ్‌బేరా బస్తీ నుంచి వచ్చే ఒక పిల్ల మధ్యాహ్నానికి స్టీలు క్యారేజీలో చోడంబలి, అదే రాగి జావ, తెచ్చుకునేది. వెనక బెంచీ కుర్రాడొకడు రోజూ "బురద తాగతంది సూడండ్రా" అనేవాడు. క్లాసంతా గొల్లుమనేది. ఆ పిల్ల గోడవైపు తిరిగి తాగేది.

హెడ్మాస్టరు వాణ్ణి బెత్తంతో కొట్టారు. దెబ్బలు తిని వాడింకా పెద్ద హీరో అయ్యాడు. నాకు ఒళ్ళు మండింది. మర్నాడు వాడు మళ్ళీ ఆ మాటనగానే క్లాసు నవ్వింది. నేను వాడి జోలికి పోకుండా, "నవ్వినవాళ్ళు లేవండి" అన్నాను.

"నానేటీ అన్లేదు టీచరమ్మా, ఊరికే నవ్వినాను," అంది ముందు బెంచీ అమ్మాయి.

"నువ్వు నవ్వుతావనే ఆడు అలగంతన్నాడు. నిలబడు."

అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం పిల్లల మధ్యే కూర్చుని తిన్నాను. నవ్వినవాళ్ళని లేపుతూనే ఉన్నాను. సగం క్లాసు నిలబడి అన్నం తిన్న రోజులున్నాయి. తల్లులొచ్చి నాతో దెబ్బలాడారు. నేను మానలేదు.

ఒకనాడు వాడు మళ్ళీ ఆ మాటే అన్నాడు. ఎవరూ నవ్వలేదు. వాడు నవ్వు కోసం ఒక్కొక్క మొహమే వెతుక్కున్నాడు.

ఆ పిల్ల ఇటు తిరిగి తాగింది.