మేము ఖాళీ చేసిన విమానం

విమానం టికెట్టు ఏసీ బస్సు టికెట్టు కన్నా చవగ్గా దొరికిన కాలం ఒకటుండేదంటే మా ఆఫీసు పిల్లలు నవ్వుతారు. నేనైనా నమ్మేవాణ్ణి కాదు, కానీ ఆ టికెట్లు అమ్మినవాళ్లలో నేనొకణ్ణి కాబట్టి నమ్మక తప్పడం లేదు. డిగ్రీ ఫస్టు క్లాసులో పాసయ్యాను. ఆ సంగతి ఏ కంపెనీకీ తెలియకపోవడంతో దిల్‌సుఖ్‌నగర్‌లో మా మామ నడిపే ట్రావెల్స్ కౌంటర్‌లో కూర్చున్నాను. కౌంటర్ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక కోచింగ్ సెంటర్ మెట్ల కింద రెండు కుర్చీలు పట్టే గది, మూడో మనిషి వస్తే మొదటి మనిషి బయటికి పోవాలి. ఆ మొదటి మనిషిని ఎప్పుడూ నేనే.

మామ మా అమ్మకు సొంత తమ్ముడు. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఇరవయ్యేళ్లుగా ఎల్బీనగర్ మీదుగా కోస్తాకు పోయే ప్రైవేటు బస్సులకు సీట్లు నింపుతున్న మనిషి. అత్తది గోదావరి పక్కన ఒక ఊరు. (పేరు చెప్పను. ఆ ఊరివాళ్లకు నా మీద కోపం రావడానికి తగిన కారణం ఉంది.) చదువుకునే రోజుల్లో హాస్టల్లో ఉంటూ ఊరికి టికెట్ కోసం మామ దగ్గరికి వచ్చేదట. ఎంత రద్దీ ఉన్నా ఈయన కిటికీ సీటు ఇచ్చేవాడట. నాలుగు పండగలు గడిచేసరికి రెండు ఇళ్లల్లోనూ గొడవలై పెళ్లయింది. నా కాలానికి అత్తే వెనక సందులో ఆడపిల్లల హాస్టల్ నడుపుతోంది. నలభై మందికి పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం డబ్బాల్లోకి అన్నం, సాయంత్రం ఇంటి మీద బెంగపెట్టుకున్నవాళ్లకు ఓదార్పు, అన్నీ ఆమె చేతి మీదే.

ఆమె బెంగ మాత్రం ఊళ్లో ఉంది. వాళ్లమ్మ, మేమంతా గోదావరి అమ్మమ్మ అనేవాళ్లం, కొడుకూ కోడలి దగ్గర ఉండేది. ఆవిడకు జ్ఞాపకం పలచబడుతోంది. తెలిసిన ముఖాలు తరచూ కనిపిస్తుంటే మంచిదని డాక్టరు చెప్పాడు. ఎట్లా కనిపించాలి? ఆదివారం ఒక్కటే అత్తకు తీరిక, అదీ తీరికో కాదో శనివారం సాయంత్రం గాని తేలదు. అప్పటికప్పుడు రైల్లో బెర్త్ దొరకదు. రెండు రాత్రులు బస్సులో కూర్చుంటే ఆమె నడుము సోమవారం వంటింట్లోకి రానని మొరాయిస్తుంది. "మా అమ్మ నన్ను మర్చిపోయేలోగా నెలకోసారైనా కనబడాలిరా అబ్బాయ్" అనేది, కూర తరుగుతూ, మామూలు మాటలా.

అప్పుడు దిగాయి రెండు విమాన కంపెనీలు. చిన్న ఊళ్లకు కూడా విమానాలు నడపాలని ప్రభుత్వం అనడంతో, ఏళ్ల తరబడి పెద్దగా సందడి లేని అత్తవాళ్ల ఊరి రన్‌వే మీదికి రెండూ వారం తేడాతో వచ్చాయి. ఒకదాని తోక ఎరుపు, ఒకదానిది పచ్చ. అసలు పేర్లు ఇంగ్లీషులో పొడుగ్గా ఉండడం వల్ల మా లైన్లో ఎర్రతోక, పచ్చతోక అనే నడిచాయి. ఎర్రతోక పొద్దున ఆరున్నరకు బయల్దేరితే పచ్చతోక ఆరుంబావుకు పెట్టింది. ఒకళ్లు రేటు తగ్గిస్తే ఇంకొకళ్లు ఇంకా తగ్గించి, పైన ఉప్మా కూడా ఇచ్చారు.

అత్త ఆదివారం పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేసింది. నెలకోసారి, ఒక్కో నెల రెండుసార్లు. అమ్మమ్మ వీధి వీధంతా చాటింపు వేసిందట, "మా అమ్మాయి విమానంలో వస్తదండి" అని. ఆకాశంలో చప్పుడు వినబడితే చాలు, కోడలితో కాఫీకి నీళ్లు పెట్టమనేదట. రెండు కంపెనీలవీ రోజూ వస్తాయి కాబట్టి ఆ ఇంట్లో కాఫీ కొంచెం ఎక్కువే ఖర్చయింది. "నన్ను చూడగానే పేరు పెట్టి పిలిచిందిరా" అని అత్త నాకు మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ మొదటిసారి చెప్పినట్టే చెప్పింది.

మేము మాత్రం విమానాన్ని కూడా బస్సులాగే చూశాం. ఎల్బీనగర్ పద్ధతి ఏమిటంటే, పాసింజర్ ఆలస్యమైతే డ్రైవర్‌కు ఫోన్ చేసి బండి ఆపిస్తాం. ఒకసారి మామ ఎర్రతోకవాళ్ల ఆఫీసుకు ఫోన్ కలిపాడు. "అన్నా, మా మనిషి నాగోల్ కాడున్నడు, జర రెండు నిమిషాలు బండి ఆపుర్రి!" అవతల ఫోన్ ఎత్తిన అమ్మాయి, "ఏ బండి సర్?" అని అడిగి, లైన్లో ఉండమంది. మామ ఫోన్ మీద చేయి అడ్డం పెట్టి నాతో అన్నాడు, "ఆపుతుర్రు అనుకుంట."

అసలు కథ ఎర్రతోక తరఫున టై కట్టుకుని ఒకతను వచ్చిన రోజు మొదలైంది. ఇరవై అయిదు టికెట్లు అమ్మితే ఒక టికెట్టు ఉచితం అన్నాడు. మామ కళ్లు మెరిశాయి. ఉచిత టికెట్టంటే అత్త, అత్తంటే ఆదివారం. టై మనిషి వెళ్లగానే నా వైపు తిరిగాడు.

"అల్లుడా, పచ్చతోకను ఖాళీ చేద్దాం."

ఖాళీ చేయడం మా లైన్లో చాలా పాత విద్య. ఎదుటివాడి బస్సుకు సీట్లు నిండకుండా చూస్తే, వాడు నాలుగు నెలలు నష్టపోయి ఆ టైమింగ్ వదిలేస్తాడు. ఆ టైమింగ్ మనవాడికి వస్తుంది. బండి నిండుతుంది, అందరూ బాగుంటారు (వదిలేసినవాడు తప్ప). హయత్‌నగర్ నుంచి చాదర్‌ఘాట్ దాకా ఉన్న కౌంటర్లన్నిటికీ మామ ఒక్క మాట చెప్పాడు. ఇరవయ్యేళ్ల స్నేహాలు, ఎవరూ కాదనలేదు. అంత చిన్న విమానానికి మా కౌంటర్లన్నీ కలిసి అమ్మే ముప్పై సీట్లు అంటే దాదాపు సగం బండి.

ఇందులో నా పాత్ర గురించి వినయంగా చెప్పలేను. చదువుకున్నవాణ్ణి కదా, నా మాటకు విలువ ఉండేది. పచ్చతోక కావాలని ఎవరైనా వస్తే కళ్లజోడు సర్దుకుని, "సర్, దాని రెక్కలకు ఫ్యాన్లుంటాయి" అనేవాణ్ణి. రెండిటికీ ఫ్యాన్లే. మనవాటి సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు. వనస్థలిపురం నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు మాత్రం, "ఫ్యాన్లుంటే మంచిదే కదా నాయనా, గాలి వస్తది" అన్నారు. ఆయన్ను మాత్రం పోనిచ్చాం.

ఏడు నెలలు పట్టింది. ఒక సోమవారం పచ్చతోక ఆ రూటు మానేసిందని కబురొచ్చింది. మామ కౌంటర్లన్నిటికీ మిఠాయి పంచాడు. నా భుజం తట్టి, "ఇగ మీ అత్తకు ఢోకా లేదు" అన్నాడు. నా జీవితంలో నేను గెలిచిన మొదటి పోటీ అది. ఆ రోజు చంపాపేట్‌లో మా ఇంటికి బస్సులో పోలేదు, నడిచి పోయాను. అంత సంతోషం బస్సులో పట్టదనిపించింది.

మరుసటి నెల ఎర్రతోక రేటు రెండింతలైంది. ఆపై నెల మూడింతలు. టై మనిషి ఫోన్ ఎత్తడం మానేశాడు, దాంతోపాటు ఉచిత టికెట్టూ పోయింది. ఆ రేటుకు మా పాసింజర్లు మళ్లీ బస్సులకే వచ్చారు. విమానం వారానికి మూడు రోజులైంది. ఆ మూడింటిలో ఆదివారం లేదు. ఇంకో నెలకు పూర్తిగా ఆగిపోయింది. ఆ విమానాన్ని వేరే రాష్ట్రంలో, ఇంకెవరితోనో పోటీ ఉన్న రూటుకు పంపించారని తెలిసింది.

"గట్లెట్ల పోతదిరా?" అన్నాడు మామ. ఆయన ఆశ్చర్యం నిజమైనది. "బస్సోడైతే యాడికి పోతడు? వాని బండి గీ రోడ్డు మీదనే ఉంటది. వాని ఇల్లు ఈడనే, పిల్లల బడి ఈడనే. వీళ్లేంది, గెలిచినంక పోతుర్రు?"

ఆ ప్రశ్నకు నా ఫస్టు క్లాసు డిగ్రీలో జవాబు లేదు. ఉండాల్సింది. కామర్సే చదివాను.

అయిదు నెలలు అత్త కదల్లేకపోయింది. హాస్టల్ పిల్లలకు పరీక్షలు, ఒకమ్మాయికి డెంగ్యూ, ఆపైన వంటమనిషి మానేసింది. చివరికి నడుముకు బెల్టు కట్టుకుని బస్సెక్కింది. రెండు రోజుల తర్వాత తిరిగొచ్చి, నేరుగా కౌంటర్‌కే వచ్చి, నేను బయటికి పోతే నా కుర్చీలో కూర్చుంది.

"ఎట్లుంది అత్తమ్మకు?" అన్నాడు మామ.

"బానే ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది." అత్త నవ్వుతోంది. "'ఎవరండీ మీరు? మా అమ్మాయి కోసం వచ్చారా? అది విమానంలో వస్తదండి, ఈమధ్య విమానం రావట్లేదండి. కూర్చోండి, కాఫీ తాగి వెళ్లండి' అంది. నేనేనమ్మా అన్నాను. కాదండి, అంది. ఎంత మర్యాదో! పుట్టిన దగ్గర్నుంచీ నన్ను ఒసేయ్ అనే పిలిచిందిరా. మొదటిసారి అండీ అంది."

మేమూ నవ్వాం. నవ్వక ఏం చేస్తాం. మామ కొంతసేపు నవ్వి, లేచి, నన్ను బయటే వదిలి, పట్టపగలు పదకొండింటికి షట్టర్ సగం దించాడు.

తర్వాత అత్త ఇంకో రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ అండీలే. ఆ వానాకాలంలో అమ్మమ్మ పోయింది.

నాకు ఆపై ఒక ఆఫీసులో ఉద్యోగం దొరికింది, సీట్లు నింపే పని తప్పింది. పచ్చతోక సంగతి అత్తకు చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను, ప్రతిసారీ ఆవిడ ఏదో ఒకటి తినడానికి పెట్టేది. ఇంతలో అమ్మమ్మ సంవత్సరీకం దగ్గర పడింది. సరిగ్గా అప్పుడే మూడో కంపెనీ ఒకటి ఆ ఊరికి విమానం మొదలుపెట్టింది. ఎవరో కావాలని ఆలస్యం చేసినట్టు. మామ రానన్నాడు, కౌంటర్ ఎవరు చూస్తారన్నాడు. (జనం ఫోన్లలోనే టికెట్లు కొనుక్కుంటున్నారు, చూడ్డానికి అక్కడ కుర్చీలు తప్ప ఏమీ లేవు.) అత్తతో నేను వెళ్లాను. అన్ని టికెట్లు అమ్మినవాణ్ణి, విమానం ఎక్కడం అదే మొదటిసారి.

మబ్బుల పైకి వెళ్లాక చెప్పేశాను. ఖాళీ చేయడం, ఫ్యాన్లు, మిఠాయి, అన్నీ. అక్కడైతే ఆవిడ లేచి వెళ్లిపోలేదు కదా.

అత్త కిటికీలోంచి చూస్తూ విన్నది. "తెలుసులేరా. నేను బస్సు దిగొచ్చిన రోజే మీ మామ చెప్పాడు. షట్టర్ దించి, ఏడిచి, చెప్పాడు. అంతా తనే చేశానన్నాడు. నీ పేరెత్తలేదు. నువ్వు కౌంటర్‌లో ఊరికే కూర్చునేవాడివన్నాడు." కిటికీ నుంచి నా వైపు తిరిగి అంది, "ఫ్యాన్ల మాట మాత్రం ఇప్పుడే వింటున్నా."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రావడానికి ఆ ఊరు వచ్చేదాకా పట్టింది.

విమానం దిగి నడుస్తుంటే వెనక్కి చూశాను. సగం సీట్లు ఖాళీగా వచ్చిన ఆ చిన్న విమానం ఎండలో ఒంటరిగా నిలబడి ఉంది. రన్‌వే మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా వెతికాను, ఇంకో రంగు తోక ఏదైనా కనబడుతుందేమోనని. ఎక్కడా లేదు. ఎదుటివాడి సీటు ఖాళీ అయితే మిఠాయి తిన్న ఆ కళ్లజోడు కుర్రాడు గుర్తొచ్చాడు. ఇవాళ వాడే ఇక్కడ ఎండలో నిలబడి, ఒక పోటీ కంపెనీ రావాలని, వచ్చి చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాడు. "ఏం చూస్తున్నావురా, రా" అని అత్త పిలిచింది. ఏం లేదత్తా అన్నాను. నిజంగానే ఏమీ లేదక్కడ.